మా అబ్బాయి టిక్కు పెట్టిన గడి

2021 మార్చి 21న ఇంగ్లండు, వేల్సుల్లో జనాభా లెక్కలు జరిగాయి. ఆన్‌లైన్‌లో ఫారం నింపే పని మా ఇంట్లో నాది. పేర్లు, పుట్టిన తేదీలు, చదువులు, ఉద్యోగాలు అన్నీ అయ్యాక "మీ మతం ఏమిటి?" అన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తప్పనిసరి కాదు. వరసలో మొదటి గడి "మతం లేదు", రెండోది "క్రైస్తవం". నాకు, మా ఆవిడకు, పదిహేడేళ్ళ మా అబ్బాయికి అలవాటు కొద్దీ రెండో గడిలోనే టిక్కు పెట్టుకుంటూ పోతుంటే, వెనక నిలబడి చూస్తున్న మావాడు "నాన్నా, నా గడిలో మీరెందుకు పెడుతున్నారు?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు, నా బనియను నువ్వెందుకు వేసుకున్నావని అడిగినట్టుగా ఉంది. పదహారేళ్ళు నిండినవాళ్ళు ఇంటి ఫారంతో పని లేకుండా తమ జవాబులు విడిగా పంపుకోవచ్చన్న సంగతి వాడికి తెలుసు. అంతదాకా ఎందుకని నేనే వెనక్కు వెళ్ళి, వాడి పేరు కింద టిక్కును రెండో గడి నుంచి మొదటి గడికి మార్చాను.

మరుసటి ఏడాది చివర ఫలితాలు వచ్చాయి. ఇంగ్లండు, వేల్సుల్లో తాము క్రైస్తవులమని చెప్పినవారు 46.2 శాతం. ఈ ప్రశ్నను మొదటిసారి అడిగిన 2001లో వాళ్ళు 71.7 శాతం, 2011లో 59.3 శాతం. మతం లేదన్నవారు పదేళ్ళలో 25.2 శాతం నుంచి 37.2 శాతానికి, అంటే దాదాపు 2 కోట్ల 22 లక్షల మందికి పెరిగారు. విడిగా 2022లో లెక్క తీసిన స్కాట్లండులోనైతే మతం లేనివారే సగం దాటి 51.1 శాతం ఉన్నారు. "క్రైస్తవులు సగం కంటే తగ్గారు" అన్న వార్త పత్రికల్లో వచ్చిన రోజు ఆ 2 కోట్ల 22 లక్షల్లో ఒక టిక్కు నా చేత్తో పెట్టిందేనని గుర్తొచ్చింది.

మాది మెదక్. మా ముత్తాత పోస్నెట్ దొర అనే మిషనరీ కాలంలో బాప్తిస్మం తీసుకున్నాడు. కరువు రోజుల్లో కూలీకి కూడు దొరికేలా దొర మొదలుపెట్టించిన చర్చి పనిలో ఆయన రాళ్ళు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. 175 అడుగుల గోపురంతో ఆ చర్చి పూర్తయి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. దాని నక్షా గీసింది లాంకషైర్‌లోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే కట్టడ శిల్పుల సంస్థ అని నేను ఉద్యోగరీత్యా బోల్టన్ దగ్గరి ఒక పాత మిల్లు పట్టణంలో స్థిరపడ్డాక గానీ నాకు తెలియలేదు. పోస్నెట్ వెస్లియన్ మెథడిస్టు అనే ప్రొటెస్టంటు శాఖవాడు. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో ఊళ్ళోని మెథడిస్టు చాపెల్‌కు, అంటే ఆ శాఖవాళ్ళ చర్చికి, వెళ్ళడం నాకు పుట్టింటికి వెళ్ళినట్టే అనిపించింది. తీరా వెళ్ళి చూస్తే నాలుగు వందల మంది పట్టే హాల్లో ఇరవై ఇద్దరు కూర్చుని ఉన్నారు.

ఆ చాపెల్‌ను 2019లో మూసేశారు. అప్పటికి ఆదివారం వచ్చేది పదకొండు మంది. కానుకల లెక్క రాసేవాణ్ణి కనక ఆ పదకొండు మందీ ఎవరో, ఎవరెంత వేసేవారో నాకు ఇప్పటికీ గుర్తు. చివరి ఆరాధనకు మాత్రం వంద మంది దాటి వచ్చారు. ఇక్కడ పెళ్ళి చేసుకున్నవాళ్ళు, చిన్నప్పుడు ఇక్కడి సండే స్కూల్లో చదివినవాళ్ళు, అమ్మను ఇక్కణ్ణుంచే సాగనంపినవాళ్ళు వచ్చి, పాటల పుస్తకం చూడకుండా పాడి, టీ తాగి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. వీళ్ళలో పాతికమంది నెలకోసారి వచ్చినా ఇది మూతపడేది కాదు కదా అని నాకు కాస్త ఒళ్ళు మండింది. ఆ మంట న్యాయమైనది కాదని తరవాత తెలిసింది.

సండే స్కూలు గదిలో గోడకు అద్దం బిగించిన ఒక పట్టిక ఉండేది. సంఘంలో పుట్టిన ప్రతి పసిబిడ్డ పేరూ ఆ పట్టికలో రాసేవారు. క్రేడిల్ రోల్ అంటారు. పైన అంచుల్లో రంగు వెలిసిన పూలు, కుందేళ్ళు. మొదటి వరసల్లో పేర్లు ఇరుగ్గా, ఒకే చేతిరాతతో, ఏడాదికి పది పన్నెండు చొప్పున ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ రాతలు మారాయి, పేర్ల మధ్య జాగా పెరిగింది. చివరి పేరు 1991లో రాసింది. ఆ కింద ఇంకా పదిహేను ఖాళీ గీతలు మిగిలాయి. పట్టికను గోడ మీంచి దింపుతుంటే పక్కన ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఒకరు నిలబడి, పైనుంచి మూడో వరసలో తన పేరు చూపించారు. బీరువా సొరుగులో దొరికిన గుడ్డసంచిలోంచి చిన్న పతకాలు బయటపడితే అవేమిటో కూడా ఆవిడే చెప్పారు. విదేశీ మిషన్ల కోసం పిల్లలు ఇంటింటికీ తిరిగి పెన్నీలు పోగుచేసేవారట, ఏడాదంతా పోగుచేసిన పిల్లలకు పతకం, ఆపైన ఒక్కో ఏడాదికి ఒక్కో అదనపు పట్టీ ఇచ్చేవారట. నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు వసూలు చేసిన ఆ పెన్నీల్లో కొన్నయినా మా మెదక్ దాకా వచ్చే ఉంటాయని నేనంటే ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూశారు.

ఆవిడకు ముగ్గురు పిల్లలు. ముగ్గురూ మంచివాళ్ళు, తల్లిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు, ముగ్గురిలో ఎవరూ ఏ చర్చికీ వెళ్ళరు. ఎప్పుడు మానేశారని అడిగితే, "పదమూడో ఏటో పద్నాలుగో ఏటో ఇష్టం లేదన్నారు, మా నాన్న నన్ను లాక్కెళ్ళినట్టు నేను వాళ్ళను లాక్కెళ్ళకూడదనుకున్నాను" అన్నారు. ఇంగ్లండులో క్రైస్తవం ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు నేను విన్న జవాబుల్లో ఇంతకంటే సూటిగా ఉన్నది లేదు.

ఈ విషయం మీద మనవాళ్ళతో మాట్లాడితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పాస్టరుగా ఉన్న మా బంధువు ఒకాయన దృష్టిలో ఇది భ్రష్టత్వం. తెల్లవాళ్ళకు డబ్బెక్కువై దేవుణ్ణి వదిలేశారు, అనుభవిస్తారు. హైదరాబాదులో హేతువాది అయిన నా మిత్రుడి దృష్టిలో ఇది విజయం. సైన్సు వచ్చింది, మూఢనమ్మకం పోయింది, మనకూ ఆ రోజు వస్తుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు గానీ ఇద్దరి కథా ఒక్కటే, ఒక జాతి మొత్తం కూర్చుని ఆలోచించి దేవుణ్ణి కాదనుకుందన్న కథ. పద్దెనిమిదేళ్ళుగా ఈ జనం మధ్య బతుకుతున్నాను. డార్విన్‌ను చదివి చర్చి మానేసిన మనిషి నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. మిగతావాళ్ళెవరూ మానలేదు, వాళ్ళకు ఎవరూ అలవాటు చేయలేదంతే. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంగ్లండు క్రైస్తవం వాదంలో ఓడిపోలేదు, ఒక తరం చేతి నుంచి ఇంకో తరం చేతికి అందకుండా జారిపోయింది.

డేవిడ్ వోస్, అలస్డైర్ క్రాకెట్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 2005లో బ్రిటన్ కుటుంబాల మీద ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని లెక్కల్లో చూపిస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ మతం ఉంటే పిల్లలకు అది అందే అవకాశం రెండింట ఒకటి. ఒక్కరికే ఉంటే అందులోనూ సగం. ఇద్దరికీ లేకపోతే పిల్లలకు రావడం బహు అరుదు, అంటే మతం లేకపోవడం మాత్రం దాదాపు చెక్కుచెదరకుండా వారసత్వంగా వస్తుంది. మా ఇంట్లో ఇద్దరికీ ఉంది, నాణెం బొరుసు పడింది. అదే లెక్క తరం తరవాత తరం నడిస్తే ఎక్కడికి చేరుతుందో మూడో క్లాసు పిల్లాడు కూడా చెప్పగలడు. దీనికి ఏ కుంభకోణమూ అక్కర్లేదు. పిల్లల మీద జరిగిన అత్యాచారాలను చర్చి పట్టించుకోలేదన్న విమర్శతో 2024 నవంబరులో ఇంగ్లండు చర్చికి పెద్ద గురువైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. ఆ సిగ్గుచేటు వల్ల ఉన్నవాళ్ళలో కొందరు వెళ్ళిపోయి ఉండవచ్చు, కానీ చాపెల్ పట్టికలో ఖాళీ గీతలు అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే మొదలయ్యాయి.

అసలు అందరూ చర్చికి వెళ్ళే స్వర్ణయుగం ఒకటి ఉండేదన్నది కూడా సగం భ్రమే. 1851 మార్చి 30న ఇక్కడ ప్రభుత్వం ఆరాధనకు వచ్చినవాళ్ళ తలలు లెక్కపెట్టించింది. ఆ నివేదిక రాసిన హోరేస్ మాన్, వెళ్ళగలిగి కూడా వెళ్ళనివారు 50 లక్షల పైమాటేనని, వాళ్ళలో ఎక్కువమంది కూలినాలి జనమని తేల్చాడు. విక్టోరియా రాణి కాలపు భక్తిపరులు ఆ అంకె చూసి గుండెలు బాదుకున్నారు. అయితే అప్పుడు చర్చికి వెళ్ళనివాడికి కూడా చర్చితో పని ఉండేది. నూలు మిల్లులో వారానికి ఆరు రోజులు పనిచేసే పిల్లాడు అక్షరాలు దిద్దుకున్నది సండే స్కూల్లోనే. అప్పట్లో ఆ మాటకు మనం అనుకునే బైబిలు కథల క్లాసని కాదు, ఆదివారం పూట నడిచే బడి అనే అర్థం. 1870 చట్టంతో సర్కారు బళ్ళు మొదలయ్యాయి, అక్షరాల పని అటు పోయింది. పేదల పోషణ మెల్లగా ప్రభుత్వం చేతికి వెళ్ళింది, 1948లో జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) వచ్చాక రోగుల పనీ అంతే. ఇవన్నీ మంచి మార్పులే. ఎన్‌హెచ్‌ఎస్‌లో ప్రాణం దక్కించుకున్నవాణ్ణి, దాన్ని తప్పుపట్టలేను. కానీ ఒక్కో పనీ బయటికి వెళ్ళినప్పుడల్లా చర్చి గడప తొక్కడానికి ఉన్న కారణాల్లో ఒకటి తగ్గుతూ వచ్చింది. చివరికి మిగిలిన కారణం దేవుడొక్కడే. ఆ ఒక్క కారణంతో ప్రతి ఆదివారం పొద్దున్నే లేచేవాళ్ళు ఏ దేశంలోనైనా ఎంతమంది ఉంటారు?

1994 అనే ఒక్క ఏడాదిని చూడండి. అంతవరకు ఇంగ్లండులో ఆదివారం పెద్ద దుకాణాలు తెరవకూడదు. 1986లో ఆ నియమాన్ని ఎత్తేయబోయిన మార్గరెట్ థాచర్ అంతటి ప్రధానమంత్రి సొంత పార్టీ ఎంపీలే ఎదురుతిరిగి పార్లమెంటులో ఓడిపోయింది. చర్చిలూ దుకాణాల్లో పనిచేసే కార్మికుల సంఘమూ భుజం భుజం కలిపి చేసిన పోరాటం అది. ఎనిమిదేళ్ళు గడిచాక 1994 చట్టం వచ్చి, పెద్ద దుకాణాలు కూడా ఆదివారం ఆరు గంటలు తెరుచుకోవచ్చంది. అదే ఏడాది ఇంకో చట్టం, రిజిస్ట్రారు ఆఫీసులోనే కాక హోటళ్ళలో, పాత జమీందారీ భవనాల్లో కూడా మతంతో సంబంధం లేని పెళ్ళిళ్ళు చేసుకోవచ్చంది. దండలు, బ్యాండు, తోట, ఫోటోలు, ఏది కావాలన్నా ఇక చర్చి అక్కర్లేదు. 2019 నాటికి మతపరంగా జరిగే పెళ్ళిళ్ళు ఐదింట ఒకటి కంటే తక్కువ. అదే 1994లో ఇంగ్లండు చర్చి తొలిసారి స్త్రీలను గురువులుగా అభిషేకించింది. మూడు దశాబ్దాలకు, 2025 అక్టోబరులో, ఒకప్పుడు నర్సుగా పనిచేసిన సారా ముల్లలీని కాంటర్‌బరీ తదుపరి ఆర్చిబిషప్‌గా ప్రకటించారు. ప్రభు భోజనపు బల్ల దగ్గర స్త్రీలకు చోటిచ్చే సరికి, బల్లల వెనక వరసల్లో కూర్చుని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లులు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఈ దేశంలో విశ్వాసాన్ని మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1960ల తరవాత వాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళి, ఆదివారం ఒక్కటే ఇంటిపనికి మిగిలినప్పుడు ఆ మోత దింపారు. దాన్ని ఎత్తుకోవడానికి మగవాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు. నేను ఎత్తుకున్నానా అంటే, మావాడు ఎనిమిదో ఏట ఆదివారం పొద్దుటి ఫుట్‌బాల్ జట్టులో చేరినప్పుడు వాణ్ణి మైదానానికి దింపి వచ్చిందీ నేనే, ఆట అయ్యేదాకా చలిలో నిలబడి చప్పట్లు కొట్టిందీ నేనే.

ఇంత జరిగినా చట్టంలో మాత్రం ఇది క్రైస్తవ రాజ్యమే. దేశపు అధికారిక చర్చి అయిన ఇంగ్లండు చర్చికి రాజు సర్వోన్నత పాలకుడు. ఎగువ సభలో 26 మంది బిషప్పులకు హోదా రీత్యా స్థానాలున్నాయి. దిగువ సభ ప్రతిరోజూ ప్రార్థనతో మొదలవుతుంది. ఆ ప్రార్థనకు వచ్చినవాళ్ళకు కుర్చీ కేటాయించుకునే వీలుండటం వల్ల ఏ విశ్వాసమూ లేని సభ్యులు కూడా ముఖ్యమైన చర్చలున్న రోజు తలవంచి నిలబడతారు, తిరుపతిలో క్యూలైను కోసం గోవింద కొట్టేవాళ్ళకు ఈ భక్తి బాగా అర్థమవుతుంది. సర్కారు బళ్ళలో రోజూ సామూహిక ఆరాధన జరపాలని 1944 నుంచి చట్టం ఉంది. మావాడి బడిలో అది వారానికి రెండుసార్లు హెడ్‌టీచరు చెప్పే నీతికథ. 2023 మే 6న వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో రాజు ప్రొటెస్టంటు మతాన్ని కాపాడతానని ప్రమాణం చేశాడు. ఆ వేడుకలో బైబిల్లో కొలొస్సయులకు రాసిన పత్రికలోంచి వాక్యం చదివింది హిందువైన ప్రధానమంత్రి రిషి సునాక్. ఇక్కడ ఎవరికీ అది విడ్డూరంగా తోచలేదు.

తెలుగులో మనం లౌకికవాదం అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు సంగతుల్ని చెబుతుంటాం. రాజ్యం ఏ మతాన్నీ తనదనుకోకపోవడం ఒకటి, మనుషుల బతుకుల్లో మతం ప్రసక్తే తగ్గిపోవడం ఇంకొకటి. ఇంగ్లండులో మొదటిది ఇప్పటికీ రాలేదు, రెండోది వరదలా వచ్చింది. మన దేశంలో మొదటిది రాజ్యాంగ పీఠికలో 1976 నుంచి అక్షరాలా ఉంది, రెండోది ఊరి పొలిమేర కూడా దాటలేదు. ఒకటి వస్తే రెండోది దాని వెంట నడిచి వస్తుందనుకోవడానికి ఆధారం లేదు. వేల్సును చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ 1920లోనే చర్చికీ రాజ్యానికీ బంధం తెంపేశారు, అంటే ప్రజలు ఇష్టపడి ఎంచుకున్న చాపెల్ క్రైస్తవానికి అడ్డు లేకుండా పోయింది. అక్కడే 1904, 1905ల్లో ఇవాన్ రాబర్ట్స్ అనే బొగ్గుగని కుర్రాడి ప్రార్థనలతో గనుల లోయలన్నీ ఊగిపోయిన ఉజ్జీవం, అంటే విశ్వాసం మళ్ళీ రగిలిన ఉద్యమం, జరిగింది. ఆ వేడి మన దేశంలో వెల్ష్ మిషనరీలు పనిచేస్తున్న ఖాసీ కొండల దాకా పాకింది. 2021 లెక్కల్లో మతం లేదన్నవారి వాటా అన్నిటికంటే ఎక్కువ ఉన్నది అదే బొగ్గు లోయల్లోని కార్ఫిల్లీలో, 56.7 శాతం. గనులు మూతపడ్డాయి, గనుల చుట్టూ అల్లుకున్న సంఘం చెదిరింది, దానితోపాటే చాపెల్. ఖాసీ కొండల్లో మాత్రం చర్చిలు ఇవాళ్టికీ నిండుగానే ఉన్నాయి.

అందుకే ఇక్కడి అంకెల్ని మన దగ్గరి అంకెల పక్కన పెట్టి చూడటం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఇక్కడ ఏ గడిలో టిక్కు పెట్టినా మనిషికి పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఆసుపత్రి ఫారంలో మతం అని ఉన్నచోట ఒకప్పుడు అందరూ ఆలోచించకుండా ఇంగ్లండు చర్చి అని రాసేవారు, ఇప్పుడు అలాగే ఆలోచించకుండా ఏమీ లేదని రాస్తున్నారు. మన దగ్గర ఆ గడి అంత తేలిక కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కిందికి రాడు, మన రాష్ట్రాల్లో బీసీ-సీ అవుతాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని, సర్టిఫికెట్‌లో హిందువుగా ఉన్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు. మా ముత్తాతకు బాప్తిస్మం అంటే దేవుడొక్కడే కాదు, ఊరికి అవతల ఉన్న పేటలోంచి బడిలోకి, దవాఖానాలోకి వేసిన అడుగు. బోల్టన్ పిల్లాడికి క్రైస్తవం పుట్టుకతో ఊరికే వచ్చిన వస్తువు, అందుకే పోయినప్పుడు కూడా చప్పుడు కాలేదు.

వలస వచ్చిన మనలాంటివాళ్ళు ఇక్కడి చర్చిని మళ్ళీ నింపుతారని కొందరు ఆశపడతారు. లండన్‌లో నైజీరియా సంఘాలు, ఆసుపత్రులున్న ప్రతి ఊళ్ళో మలయాళీ నర్సులు, అద్దె హాళ్ళలో మధ్యాహ్నం మూడింటికి తెలుగు ఆరాధనలు, ఇవన్నీ నిజమే. లండన్‌లో మతం లేదన్నవారి వాటా దేశ సగటు కంటే బాగా తక్కువగా ఉండటానికి ఒక కారణం ఇదే. కానీ మా తెలుగు సంఘంలో కీర్తనలు నోటికి వచ్చినవాళ్ళందరూ అక్కడ పుట్టినవాళ్ళు. ఇక్కడ పుట్టిన పిల్లలు వెనక గదిలో ఫోన్లు చూసుకుంటూ బిర్యానీ ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తుంటారు. మన తెలుగు పిల్లలకు ఆ రెండింట ఒకటి లెక్క వర్తించదని నేనెందుకు అనుకోవాలి?

నాకు బాధ లేదని అనను. అయితే నా బాధ సగటు అంకెల గురించి కాదు. చాపెల్ మూసిన ఏడాది చలికాలంలో ఆ పెద్దావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారన్న సంగతి నాకు తొమ్మిది రోజుల తరవాత తెలిసింది. చాపెల్ ఉంటే ఆదివారం పదకొండుకు పది మందే కనిపించేవారు, సాయంత్రానికి ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. మతం లేదన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కరోనా రోజుల్లో మా వీధిలో ముసలివాళ్ళకు సరుకులు తెచ్చిపెట్టినవాళ్ళలో చర్చికి వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ ఆ వాట్సాప్ గ్రూపు ఆరు నెలల్లో చల్లారింది. చాపెల్ నూట నలభై ఏళ్ళు నడిచింది. దేవుణ్ణి నమ్మకుండా నూట నలభై ఏళ్ళు మనిషిని మనిషి లెక్కపెట్టుకునే ఏర్పాటు కనిపెట్టిన ఊరు ఎక్కడైనా ఉంటే నా మిత్రుడితో నేను గెలిచే వాదం ఉండదు. ఇంతవరకు నేను చూడలేదు.

మా అమ్మకు ఈ సంగతులన్నీ ఫోన్లో చెబుతుంటాను. "వాళ్ళే మనకు దేవుణ్ణి తెచ్చిచ్చిండ్రు, ఇప్పుడు వాళ్ళే ఇడిసిపెట్టిండ్రా?" అని మొదట ఆశ్చర్యపోయింది, తరవాత "మరి పిలగాడు?" అని అడిగింది. వాడు నమ్మడం లేదమ్మా, కానీ క్రిస్మస్‌కు వస్తాడని చెప్పాను. వాడికి బాప్తిస్మమప్పుడు మెదక్ నుంచి తను తెచ్చిన తెల్లచొక్కా ఉందా అని అడిగింది. ఉంది. ఆ పతకాల్లో పెద్దావిడ నాకిచ్చిన ఒకటి కూడా అదే పెట్టెలో ఉంది.

తరవాతి జనాభా లెక్కలు 2031లో. అప్పటికి మావాడు వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో, తన ఫారం తనే నింపుకుంటాడు. మా ఇంటి ఫారంలో ఇద్దరి పేర్లే ఉంటాయి.